డ్రిల్లు ఎంచుకునే భాగ్యం

ఈ కాలం మనిషికి ప్రసాదించిన వరాల్లోకెల్లా గొప్పది ఏదని అడిగితే తడుముకోకుండా చెప్పొచ్చు. ఒక వస్తువు కొందామని బయల్దేరి, కొనకుండా ఇంటికి తిరిగి రాగలగడం!

నవ్వకండి. మన పెద్దవాళ్ళకు ఈ యోగం లేదు. దుకాణంలో ఒక్కటే రకం సుత్తి ఉండేది. అది తెచ్చుకుని మేకు కొట్టేవాళ్ళు. మేకు దిగిపోయేది. దాంతో ఆ జన్మకు సుత్తి గురించిన ఆలోచన కూడా ముగిసిపోయేది. పోల్చి చూడటం లేదు, వాదించుకోవడం లేదు, పక్కవాడి సుత్తి చూసి కుమిలిపోవడం లేదు. ఎంత బోసి బతుకులో ఆలోచించండి!

మన సంగతి అలా కాదు. మన ముందు రకాలున్నాయి, రకాల్లో ఉపరకాలున్నాయి. వాటిని బేరీజు వేసి, ఆ బేరీజును ఇంకో బేరీజుతో సరిచూసి, చివరికి ఏ పని కోసం బయల్దేరామో మరిచిపోయేంత విద్య మనకు ఉచితంగా దొరుకుతోంది. ఆ భాగ్యం ఒక వడ్రంగిని ఎలా వరించిందో వింటే మీరే ఒప్పుకుంటారు.

ఆ వడ్రంగిని అందరూ మట్టం మావయ్య అంటారు. తలుపు బిగించినా, బల్ల చేసినా, చివరికి ఎవరింటికైనా భోజనానికి వెళ్ళినా, సంచిలోంచి రసమట్టం తీసి అక్కడి బల్ల మీద పెట్టి చూస్తాడు. గాజు గొట్టంలో గాలిబుడగ నడిమధ్య నిలబడితే గాని ఆయన ముద్ద నోట్లో పెట్టుకోడు. నిలబడకపోతే బల్లకాలు కింద మడిచిన కాగితం దూర్చి, అప్పుడు తింటాడు. యాభై మూడేళ్ళ మనిషి. అందులో ముప్ఫై రెండేళ్ళు కొయ్యతోనే కాపురం.

ఇంతకు ముందు ఆయన చాలా వెనకబడిన మనిషి. ఏ విషయమైనా అక్కడికక్కడే తేల్చేసేవాడు. పలకను చేత్తో తడిమి, వేలితో టకటక కొట్టి, "ఇది ఉంటుంది", "ఇది వంగుతుంది" అనేవాడు. అంతే. ఆయన భార్య బట్టలు కుడుతుంది. సంబంధం చూడ్డానికి వచ్చినప్పుడు తన విషయంలో కూడా, ఇచ్చిన టీ చల్లారకముందే ఊ అనేశాడని ఇప్పటికీ చెబుతుంది. మెచ్చుకోలుగా చెబుతుందో, ఇంకొంచెం ఆలోచించాల్సిందని చెబుతుందో ఆమె ముఖం చూసి కనిపెట్టడం కష్టం.

అలాంటి మనిషికి జ్ఞానోదయం కలిగించింది ఒక సోమవారం పొద్దున్న వచ్చిన పొగ.

కాన్పుల ఆస్పత్రికి కొత్త వార్డు కడుతున్నారు. ముప్ఫై ఎనిమిది తలుపులు. తలుపు తిరిగే మడతబందులు బిగించాలి, గడియలు పెట్టాలి, తలుపు తనంతట తానే మూసుకునేలా పైన డోర్ క్లోజర్లు అమర్చాలి. పన్నెండు రోజుల్లో తనిఖీకి పెద్దవాళ్ళు వస్తారు. మావయ్య నాలుగు తలుపులు నిలబెట్టి, ఐదో తలుపుకు పైబందు బిగిస్తుండగా, పధ్నాలుగేళ్ళుగా నమ్మకంగా పనిచేసిన ఆయన వైర్‌లెస్ డ్రిల్లు ఒక్కసారి మూలిగి, మాడు వాసన వేసి, కన్ను మూసింది.

మోటారు కాలిపోయింది. ఆయన దాన్ని సంచిలో పెట్టి, భుజాన వేసుకుని, సైటు ఇంజనీరుతో అరగంటలో కొత్తది తెచ్చుకుంటానని చెప్పి వెళ్ళాడు. పాపం, ఆ అరగంట తొమ్మిది రోజులకు పెరుగుతుందని ఆయనకు అప్పుడేం తెలుసు?

పనిముట్ల దుకాణంలో ఒక గోడ నిండా డ్రిల్లులే. మావయ్య అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. అరవై నాలుగు! కళలు అరవై నాలుగని విన్నాం గాని, చిల్లి పెట్టడమనే ఒక్క కళకే అరవై నాలుగు పరికరాలంటే ఆలోచించండి, మానవజాతి ఎంత దూరం వచ్చిందో!

మెడలో కార్డు వేలాడదీసుకున్న సేల్స్‌మన్ వచ్చి ఏ పనికని అడిగాడు. చిల్లులు పెట్టడానికి, స్క్రూలు బిగించడానికి అని మావయ్య చెప్పాడు. ఊరికే కాస్త జ్వరమండీ అన్న రోగిని పెద్ద డాక్టరు ఎలా చూస్తాడో సేల్స్‌మన్ అలా చూశాడు. పన్నెండు వోల్టులా పద్ధెనిమిది వోల్టులా, బ్రష్ ఉన్న మోటారా బ్రష్‌లెస్సా, టార్క్ ఎంత, క్లచ్‌లో ఎన్ని మెట్లు, బ్యాటరీ ఎన్ని ఆంపియర్ అవర్లు అని వరసగా అడిగాడు. ముప్ఫై రెండేళ్ళు చిల్లులు పెట్టిన మనిషికి, తాను ఇంతకాలం ఏమీ తెలియకుండా పెట్టిన చిల్లులు గుర్తొచ్చి సిగ్గేసింది.

చివరికి సేల్స్‌మన్ గోడ మధ్యలోంచి వంగపండు రంగు డ్రిల్లు ఒకటి దించాడు. అది గుర్రంపిల్లలా ఉంది. దాని నడుం మీద 'ప్రొఫెషనల్' అని వెండి అక్షరాలు.

"మీలాంటివాళ్ళు దీనికి తగ్గకూడదు సార్. ప్రొఫెషనల్ అంటేనే పవర్" అన్నాడు.

మావయ్య దాన్ని కుడిచేత్తో తీసుకున్నాడు. పైబందు బిగించేవాడిలా తలకంటే ఎత్తుకు లేపాడు. రెండు క్షణాలు అలాగే ఉంచి, దించి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. 

"ఆలోచించుకుని చెప్తాను" అన్నాడు.

ఆయన నోట ఆ మాట రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. విన్నారా? ఎంపిక అనే మహాభాగ్యం మనిషిని ఒక్క పూటలో ఎంత మార్చేస్తుందో!

ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన భర్తను చూసి భార్య కుట్టుమిషను ఆపేసింది. దుకాణం మూసేశారా అని అడిగింది. తెరిచే ఉందన్నాడు. సరుకు లేదా అంది. చాలా ఉందన్నాడు. అయితే ఏమైందంది. ఏమీ కాలేదు, ఆలోచిస్తున్నానన్నాడు. ఆమె కాసేపు ఆయన ముఖంలోకి చూసి మళ్ళీ పెడల్ మీద కాలు వేసింది. గాని ఆ కుట్టు మాత్రం వంకరపోయింది.

ఈ వార్త విని పొంగిపోయింది ఒక్క బావమరిదే. ఆమె తమ్ముడు. మావయ్యతోపాటే తిరుగుతూ పాలిష్ పని చేస్తాడు. చెప్పుల జత కొనాలన్నా మూడు వారాలు పరిశోధన చేసే మనిషి. కొన్నాక ఇంకో మూడు వారాలు విచారిస్తాడు. ఇన్నాళ్ళూ బావ టక్కున తేల్చేస్తుంటే ఆయన విద్యకు గిరాకీ లేకుండా పోయింది. ఇప్పుడు ఆయన సైకిలు దిగకముందే వాకిట్లోంచే మొదలుపెట్టాడు.

"బావా, తొందరపడకు. డ్రిల్లు కొనడమంటే డ్రిల్లు కొనడం కాదు. బ్యాటరీ కొనడం."

తర్వాత గంటసేపు ఆయన వివరించిన దాని సారాంశం ఇది. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ డ్రిల్లులో దూరదు. వంగపండు బ్యాటరీ ఒక్కటి ఇంట్లో అడుగుపెట్టిందా, ఇక రంపం కొన్నా వంగపండుదే, సానమిషను కొన్నా వంగపండుదే, ఆఖరికి టార్చిలైటు కొన్నా వంగపండుదే. నారింజ కంపెనీ దగ్గర ఎంత మంచి రంపం ఉన్నా దూరం నుంచి చూసి నిట్టూర్చాలి. బ్యాటరీ అడుగున చూస్తే అన్ని కంపెనీలకూ అవే ఆరు పళ్ళు, అవే రెండు రేకులు. కాని ఒక పన్ను మాత్రం ఒక బియ్యపుగింజంత పక్కకు జరిగి ఉంటుంది. బియ్యపుగింజంత తేడాతో మనిషిని జీవితాంతం ఒకే గూటికి కట్టిపడేయగల తెలివి మామూలుదా చెప్పండి!

అందుకని మర్నాటి నుంచి అధ్యయనం మొదలైంది. మావయ్య ఒక నోటుబుక్కు తీశాడు. కొలతలు రాసి రాసి ఆయన చేతిరాత అచ్చు వేసినట్టుంటుంది. స్కేలు పెట్టి అడ్డగీతలు, నిలువుగీతలు గీశాడు. పైన డ్రిల్లుల పేర్లు, పక్కన గుణగణాలు. మొదటి రోజుకు పదకొండు వరసలు. బావమరిది ఫోన్లో ఒక్కో వీడియో చూపించిన కొద్దీ అవి ఇరవై ఏడయ్యాయి.

ఆ వీడియోలు చూడాలి! తెల్లటి షర్టు వేసుకున్న ఒకాయన, గోరంత దుమ్ము కూడా లేని బల్ల ముందు నిలబడి, ఒకే కొయ్యదిమ్మలో ఆరు డ్రిల్లులతో ఆరు చిల్లులు పెట్టి, మూడో చిల్లి రెండో చిల్లికంటే సెకనులో పదోవంతు ముందు పడిందని ప్రకటిస్తాడు. ఆ పదోవంతు సెకను మిగిల్చుకోవడానికి బావా బావమరుదులు నలభై నిమిషాలు చూశారు. ఇంకొకాయన డ్రిల్లును మూడో అంతస్తు నుంచి కిందికి వదిలి, తీసి, మళ్ళీ నడిపించి చూపించాడు. తాను ముప్ఫై రెండేళ్ళలో ఒక్క పనిముట్టు కూడా అంత ఎత్తు నుంచి పడేయలేదని మావయ్య మెల్లగా అన్నాడు. పడేయాల్సి వస్తే ఎలా అన్నాడు బావమరిది. ఆ వరస కూడా నోటుబుక్కులోకి ఎక్కింది.

ఇక సైటులో సంగతి. ప్లంబరు నారింజ పార్టీ. గచ్చుపని మేస్త్రి వంగపండు పార్టీ. కిటికీలు బిగించే ఆయనది బూడిదరంగు. అన్నం వేళ అందరూ మెట్ల మీద కూర్చుని మావయ్యను తలా ఒక వైపు లాగారు. నారింజది రాయిని కూడా వెన్నలా కోస్తుందని ప్లంబరు. వంగపండు దాని ముందు బొమ్మని మేస్త్రి. బూడిదరంగుది వానలో తడిసినా తుమ్మదని మూడో ఆయన. పక్కపక్కన కూర్చుని పదేళ్ళు కలిసి తిన్నవాళ్ళు ఆ రోజు డబ్బాలు పట్టుకుని వేరే వేరే మెట్లెక్కి కూర్చున్నారు. ఇంతటి ఆసక్తి, ఇంతటి చైతన్యం, ఒక్క రకం సుత్తి ఉన్న రోజుల్లో ఉండేదా?

మరి పని? ఆగిపోయిందనుకుంటారేమో. మావయ్య ఖాళీగా కూర్చునే మనిషి కాదు. డ్రిల్లు అక్కర్లేని పనంతా ముందుకు తెచ్చుకున్నాడు. తలుపుల అంచులు చిత్రిక పట్టాడు. బందులు కూర్చునే గాళ్ళు ఉలితో చెక్కాడు. ఉలి మాత్రం ఎందుకో ఎడమచేతికి మార్చుకున్నాడు. అడిగితే, ఈ కాలంలో రెండు చేతులూ రావాలి కదా అన్నాడు. ముప్ఫై నాలుగు తలుపులు సిద్ధమై, బిగించేవాడి కోసం గోడకు చేరగిలబడి వరసగా నిలుచున్నాయి.

సైటు ఇంజనీరు రోజూ పొద్దున వచ్చి ఆ వరసను చూసి, తర్వాత మావయ్యను చూసేవాడు. రేపటికల్లా తేల్చేస్తానని మావయ్య చెప్పేవాడు. మధ్యలో రెండుసార్లు దుకాణానికి వెళ్ళొచ్చాడు కూడా. రెండోసారి సేల్స్‌మన్ ఫోన్‌తో మాట్లాడే డ్రిల్లు చూపించాడు. అది ఎక్కడుందో మన ఫోన్‌లో కనబడుతుందట. పనిచేసేటప్పుడు అది నా చేతిలోనే ఉంటుంది కదా అని మావయ్య అడిగాడు. అవును సార్, ఆ విషయం ఫోన్ కూడా నిర్ధారిస్తుందన్నాడు సేల్స్‌మన్. మావయ్య దాన్నీ చేత్తో పైకెత్తి చూశాడు. దించాడు. ఆలోచించుకుని చెప్తానన్నాడు.

కరెంటు పని చేసే ఆమె ఒకరుంది ఆ సైటులో. నలభై అయిదేళ్ళుంటాయి. అందరూ కరెంటక్క అంటారు. ఏ పార్టీలోనూ చేరని మనిషి. ఆమె దగ్గర రంగు వెలిసిపోయి, ఏ కంపెనీదో కూడా తెలియని చిన్న డ్రిల్లు ఉంది. అయిదో రోజున అది తెచ్చి మావయ్య చేతికివ్వబోయింది. నాకు ఈ పూట తీగలు లాగే పనే, వాడుకో అన్నయ్యా అంది. మావయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఎంపిక మధ్యలో ఉన్నప్పుడు ఇంకో డ్రిల్లు పట్టుకుంటే లెక్క చెడిపోతుందని ఏదో సర్దిచెప్పాడు. ఆమె డ్రిల్లు తిరిగి సంచిలో పెట్టేసుకుంది. ఆ వెనక్కి పెట్టుకున్న చేతుల్ని మాత్రం ఒకసారి చూసింది.

తొమ్మిదో రోజు సాయంత్రం. మావయ్య స్నానానికి వెళ్ళాడు. భార్య బల్ల తుడుస్తూ ఆ నోటుబుక్కు తెరిచింది. డ్రిల్లుల మీద ఆసక్తితో కాదు. ఇంతకాలం భర్తను ఎత్తుకుపోయిన పుస్తకంలో ఏముందో చూద్దామని. మొదటి పేజీలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మూడో పేజీలో కాస్త చెదిరాయి. ఆరో పేజీకి వచ్చేసరికి కోడి గెలికినట్టున్నాయి. ఒక చోట 'టార్క్' అని రాయబోయి సగంలో పెన్ను జారిపోయిన గీత, పేజీ అంచు దాకా పోయింది.

జాకెట్టు కొలతల్లో దారప్పోగంత తేడా వచ్చినా పట్టేసే కళ్ళు ఆమెవి. నోటుబుక్కు మూసి, తుండుతో తల తుడుచుకుంటూ వచ్చిన మనిషి ముందు నిలబడింది.

"చెయ్యి ఎప్పట్నుంచి బాలేదు?"

"ఎవరి చెయ్యి?"

"మీదే. నాది బాగానే ఉంది."

మావయ్య తుండు మడతపెట్టాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు. చివరికి కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి చాపి ఆమె ముందు పెట్టాడు. మణికట్టు దగ్గర వాచి ఉంది. బొటనవేలు వైపు నొక్కితే ఆయన ముఖం మారింది.

"ఎనిమిది నెలలయింది" అన్నాడు. "పాతది చిన్నది, ఎలాగో నెట్టుకొచ్చా. కొత్తవి ఎత్తితే చెయ్యి వణుకుతోంది. అందరి ముందూ వణుకుతోంది."

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్తే ఏమంటావ్? పని మానెయ్యమంటావ్. ఇంజనీరుకి తెలిస్తే ఇంకో వడ్రంగిని పిలుస్తాడు. చెయ్యి వణికే వడ్రంగిని ఎవరు పిలుస్తారు చెప్పు?"

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. తర్వాత, బట్ట కత్తిరించే తన చూపుడువేలు కూడా రెండేళ్ళుగా పొద్దున్నపూట వంగడం లేదని చెప్పింది. మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఇద్దరూ చేతులు దాచుకుని అన్నం తిన్నారన్నమాట!

చూశారా, ఎంపిక ఎంత గొప్ప ఆసరా? ఇరవై ఏడు వరసల పట్టిక లేకపోతే ఒక మనిషి తన భయాన్ని తొమ్మిది రోజులు ఎక్కడ దాచుకునేవాడు? 'నాకు నొప్పిగా ఉంది' అని చెప్పడానికి గొంతు పెగలదు గాని, 'ఇంకా పోల్చి చూస్తున్నా' అంటే ఎంత పెద్దమనిషి తరహాగా ఉంటుంది!

మర్నాడు పొద్దున్నే భార్య ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి, ఇది పనిచేసే చేతులకు వచ్చే వాపేనని చెప్పి, మణికట్టుకు పట్టీ వేసి, బరువులు తగ్గించమని, చేతికి కొన్ని కసరత్తులు చేయమని చెప్పింది. మావయ్య పొడుగుచేతుల చొక్కా వేసుకుని, పట్టీని లోపలికి దాచి, సైటుకు బయల్దేరాడు. గుమ్మంలో భార్య ఆపింది. చొక్కా చేతిని మోచేతి దాకా మడిచి పంపించింది.

సైటులో మొదట ఎదురైంది కరెంటక్క. పట్టీని చూసింది. ఏమీ అడగకుండా, తన కుడిచేతి గ్లౌజు లాగి చూపించింది. అదే రకం పట్టీ. మాసిపోయి, అంచులు పీచులు లేచి, చాలా పాతది.

"నాకు మూడేళ్ళ నుంచి" అంది. "ఆ రోజు నా డ్రిల్లు నీకెందుకివ్వబోయాననుకున్నావ్ అన్నయ్యా?"

 మావయ్య ఆమె దగ్గరున్న డ్రిల్లు ఏ లెక్కన ఎంచుకుందో అడిగాడు. వోల్టులా, టార్కా, ఏది చూసిందని. ఆమె నవ్వింది. దుకాణంలో ఒక్కోదాన్ని తల మీదికెత్తి నూరు లెక్కపెట్టానని చెప్పింది. డెబ్భై దగ్గరే చెయ్యి నొప్పెడితే వద్దని పెట్టేశానంది. నూరు దాటినది ఒక్కటే ఉందట. అదే తెచ్చుకుందట.

ఈ మాటలు అన్నం డబ్బా తెరుస్తున్న ప్లంబరు చెవిన పడ్డాయి. ఆయన మెట్టు దిగి వచ్చి, తన కుడిభుజం ఆరు నెలలుగా పైకి లేవడం లేదని చెప్పాడు. గచ్చుపని మేస్త్రి మోకాళ్ళ సంగతి బయటపెట్టాడు. బూడిదరంగు పార్టీ ఆయన, తన వేళ్ళు సాయంత్రానికి తిమ్మిరెక్కి, ఇంటి తాళం తిప్పడానికి కూతుర్ని పిలవాల్సి వస్తుందని చెప్పాడు. బావమరిది అందరికంటే ఆఖర్న, పాలిష్ రుద్ది రుద్ది తన మోచెయ్యి కూడా పోయిందని ఒప్పుకున్నాడు. పదేళ్ళుగా ఏ సైటులో అన్నానికి కూర్చున్నా వాళ్ళు వోల్టుల గురించి మాట్లాడుకున్నారు, రంగుల గురించి పోట్లాడుకున్నారు. ఒంటి గురించి మాట్లాడుకోవడం ఆ రోజే. ఇంజనీరు అటుగా వచ్చి ఆ మాటలు విని, తన నడుము సంగతి కూడా చెప్పి, ఎవర్నీ మార్చకుండానే వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మావయ్య దుకాణానికి నాలుగోసారి వెళ్ళాడు. ఈసారి నోటుబుక్కు తీసుకెళ్ళలేదు. కుడివైపు చివర ఉన్న డ్రిల్లు దించమన్నాడు. తల మీదికెత్తి, కళ్ళు మూసుకుని, పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... ఇరవై ఆరు దగ్గర చెయ్యి వణికింది. వణికితే వణకనీ అని దించి, పక్కది అడిగాడు.

దుకాణంలో ఇలాంటి కొనుగోలు ఎవరూ చూసి ఉండలేదు. చక్రాలు కొనడానికి వచ్చినావిడ ఆగిపోయింది. రంగు డబ్బాల వాళ్ళు వరస కట్టి నిలబడ్డారు. నాలుగో డ్రిల్లు దగ్గరికి వచ్చేసరికి నలుగురైదుగురు ఆయనతోపాటు గొంతు కలిపి లెక్కపెడుతున్నారు. సేల్స్‌మన్ కంగారుపడి మేనేజరును పిలిచాడు. మేనేజరు వచ్చి, ఏ నియమం కింద ఆపాలో తోచక, తనూ నలభై నుంచి లెక్క అందుకున్నాడు.

అడుగు అరలో, దీపాలూ పూలకుండీలూ పెట్టే చోట, ఒక చిన్న పన్నెండు వోల్టుల డ్రిల్లు ఉంది. సేల్స్‌మన్ దాన్ని ఇంతవరకూ చూపించనే లేదు. అది నూరు దాటింది. నూట నలభై దాటింది. మావయ్య చెయ్యి కొయ్యమేకులా నిలబడింది.

"ఇదివ్వండి" అన్నాడు.

సేల్స్‌మన్ ముఖం చిన్నబోయింది. ఆయన దగ్గరికి వచ్చి, నలుగురూ వినకుండా, మన మంచి కోరేవాడిలా చెప్పాడు.

"సార్, ఇది ప్రొఫెషనల్ కాదు. ఇంట్లో ఫోటోలు తగిలించుకునేవాళ్ళది."

మావయ్య ఆ డ్రిల్లును తిప్పి చూశాడు. నిజమే, వెండి అక్షరాలు లేవు. 'గృహ వినియోగానికి' అని చిన్నగా రాసి ఉంది.

"దీని సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. "చెక్కలో బందు స్క్రూ దిగడానికి ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు గాని, అది మాత్రం నాకు తెలుసు."

ఆ సాయంత్రం నుంచే తలుపులు లేవడం మొదలైంది. గాళ్ళన్నీ ముందే చెక్కి ఉండటం కలిసొచ్చింది. కిందిబందులు మావయ్య బిగించాడు. పైబందులూ డోర్ క్లోజర్లూ బావమరిది బిగించాడు. అతని మోచెయ్యి మొరాయించినప్పుడు కరెంటక్క నిచ్చెన ఎక్కింది. బరువు తలుపులు నిలబెట్టడానికి నారింజ, వంగపండు, బూడిద పార్టీలు మూడూ వచ్చి భుజం పట్టాయి. ప్లంబరు మాత్రం ఎడమ భుజమే పట్టాడు. గంటకొకసారి అందరూ పని ఆపి, డాక్టరు చెప్పిన కసరత్తు చేశారు. పదిమంది పనివాళ్ళు వరండాలో నిలబడి పిడికిళ్ళు తెరుస్తూ మూస్తూ ఉంటే, చూడ్డానికి గాలిలో ఆవులు పితుకుతున్నట్టుంది. ఆ 'గృహ వినియోగ' డ్రిల్లు ఒక్క స్క్రూ దగ్గర కూడా మొరాయించలేదు.

పన్నెండో రోజు తనిఖీకి వచ్చినవాళ్ళలో పెద్ద నర్సు ఒకావిడ ఉంది. మిగతావాళ్ళు కాగితాలు చూస్తుంటే ఆవిడ తలుపులు చూసింది. చేతుల్లో బిడ్డ ఉన్నట్టు రెండు చేతులూ గుండెకు ఆనించుకుని, మోచేత్తో తలుపును తోసింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ వెళ్ళాక, చప్పుడు లేకుండా తనే మూసుకుంది. ముప్ఫై ఎనిమిదింటినీ అలాగే తోసి చూసి, మావయ్య దగ్గర ఆగింది.

"పాత వార్డు తలుపులు నెట్టీ నెట్టీ మా భుజాలు పోయాయండీ. ఇవి మాత్రం గాలి తోసినా మాట వినేలా ఉన్నాయి" అంది.

ఏ డ్రిల్లుతో బిగించారని ఆవిడ అడగలేదు. తలుపులూ చెప్పలేదు.

అంతా బాగానే ముగిసింది గదా అని మావయ్య ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటే, ఫోన్‌కు డ్రిల్లు కంపెనీ నుంచి ఒక సందేశం వచ్చింది. తమ వస్తువును ఎంచుకున్నందుకు ఎంతో సంతోషించి, ఎందుకు ఎంచుకున్నారో చెప్పమని కోరింది. కింద గళ్ళు. శక్తి. వేగం. బ్యాటరీ. రూపం. కంపెనీ మీద నమ్మకం. మావయ్య కళ్ళద్దాలు పెట్టుకుని అన్నీ రెండుసార్లు చదివాడు. అట్టడుగున 'ఇతర కారణాలు' అని ఒక గడి ఉంది. దాన్ని నొక్కి 'చెయ్యి' అని రాశాడు.

మీ సమాధానం మరీ పొట్టిగా ఉంది, కనీసం ఇరవై అక్షరాలు రాయండి అని వచ్చింది.

భార్య పక్కకు వచ్చి కూర్చుంది. మావయ్య ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పట్టీ వేసిన చేత్తోనే రాశాడు. 'ఎక్కువసేపు పట్టుకుంటే నా చెయ్యి నొప్పి పుడుతుంది, ఇది తేలిగ్గా ఉంది.' ఎనిమిది నెలలు ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పని మాట. ఒక కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చేశాడు.

క్షణంలో జవాబు వచ్చింది. ధన్యవాదాలు! మీ విలువైన అభిప్రాయాన్ని పరిశీలించి, మీ కోసమే ప్రత్యేకంగా ఎంపిక చేశాం అంటూ ఒక బొమ్మ. వంగపండు రంగు, వెండి అక్షరాలు, పద్ధెనిమిది వోల్టులు. 'ఇంకా పెద్దది, ఇంకా శక్తిమంతమైనది!'

భార్య ముందు నవ్వింది. తర్వాత మావయ్య కూడా నవ్వాడు, కళ్ళద్దాలు జారిపోయేదాకా.

కాబట్టి, ఎంపిక మనకు దొరికిన వరమేనని ఒప్పుకోక తప్పదు. అరవై నాలుగు రకాలు చేసినవాళ్ళలో, అమ్మినవాళ్ళలో, తెల్లటి షర్టుల్లో పోల్చి చూపించినవాళ్ళలో ఒక్కరైనా 'అయ్యా, మీ చెయ్యి ఎలా ఉంది?' అని మొదటి రోజే అడిగి ఉంటే ఆ పని అరగంటలో తేలిపోయేది. అప్పుడు పాపం, మావయ్యకు తొమ్మిది రోజుల పాటు అంత గొప్ప విద్య దక్కేది కాదు కదా!